కర్నూలు నగరంలో వయోజనులకు చదువు: ఎవరికి, ఏ వేళకు, ఏ అక్షరంతో

మీరు అడిగిన విషయాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకొని సమాధానంలోకి వెళ్తాను. కల్లూరు వైపున్న మీ కాలనీ సంక్షేమ సంఘం, చుట్టుపక్కల బస్తీల్లో చదువురాని పెద్దవారికి సాయంత్రం తరగతులు నడపాలనుకుంటున్నది. ఇన్నేళ్లుగా ప్రభుత్వాలు ఇన్ని కార్యక్రమాలు చేపట్టినా కర్నూలు లాంటి నగరంలో ఇంకా ఇంతమంది నిరక్షరాస్యులు ఎందుకు మిగిలారని, చదువురాని పెద్దవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న ఉల్లాస్ కార్యక్రమంలో చేరి పనిచేయడం మంచిదా, విడిగా నడుపుకోవడం మంచిదా అని, ఏ పుస్తకంతో మొదలుపెట్టాలని మూడు ప్రశ్నలు వేశారు. నేను ఈ జిల్లాలోనే వయోజన విద్య పనిలో, మొదట బోధకుడిగానూ తర్వాత బోధకులకు శిక్షణ ఇచ్చేవాడిగానూ చాలాకాలం ఉన్నాను కనుక, మీరు అడగని నాలుగో ప్రశ్నకు కూడా, అంటే ఏ వేళకు నడపాలన్నదానికి కూడా, ఇక్కడే జవాబు చెబుతాను. నా దృష్టిలో మిగతా మూడింటికన్నా అదే ముఖ్యం.

ముందు లెక్క సంగతి. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 59.97 శాతం, స్త్రీలలో 49.78 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్రపు సగటు 67.02. అంటే ఏడేళ్లు నిండిన ఆడవారిలో సగానికి పైగా చదువురానివారుగా నమోదైన జిల్లా మనది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరయ్యాక ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ వైపు మండలాలన్నీ మనకే మిగిలాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద మండలాల నుంచి ఏటా ఇంటిల్లిపాదీ సుగ్గికని గుంటూరు వైపు మిరప కోతకూ పత్తి తీతకూ వెళ్లడం, ఆ నెలల్లో పిల్లల బడి తెగిపోవడం ఇక్కడ అందరూ ఎరిగినదే. ఆ పిల్లలే పెద్దయ్యాక బేల్దారి పనికో, మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల మూటలు మోయడానికో, అపార్టుమెంట్ల కాపలాకో కర్నూలు చేరుతుంటారు. కాబట్టి నగరంలో కనిపించే నిరక్షరాస్యత అంతా నగరంలో పుట్టినది కాదు. మీరు ఒక బస్తీలో అందరికీ చదువు చెప్పి ముగించినా, రెండేళ్లకు అదే వీధిలోకి చదువురాని కొత్త కుటుంబాలు వచ్చి చేరతాయి. దీన్ని మొదటే అంగీకరించినవారు నిరుత్సాహపడరు.

ఈ అంకెల వెనుక నిర్వచనం ఒకటుంది. ఏడేళ్లు నిండి, ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగినవారిని జనగణన అక్షరాస్యులుగా లెక్కిస్తుంది. అయితే ఇంటికి వచ్చిన గణకుడు ఎవరిచేతా చదివించి చూడడు; ఇంట్లోవారు చెప్పిన మాటనే రాసుకుంటాడు. సంతకం నేర్చుకున్న మనిషి గురించి ఇంట్లోవారు ‘చదువు వచ్చు’ అనే చెబుతారు. కనుక మీ బస్తీలో నిజంగా సహాయం కావలసినవారు ఏ ప్రభుత్వ జాబితాలో ఉన్నవారికన్నా ఎక్కువగానే ఉంటారని అనుకొని బయలుదేరండి.

ఇక ఎందుకు మిగిలారన్న ప్రశ్న. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. పదేళ్ల తర్వాత, 1988 మే 5న, జాతీయ సాక్షరతా మిషన్ వచ్చింది. 1990లో కేరళలోని ఎర్నాకుళం దేశంలో తొలి సంపూర్ణ అక్షరాస్యతా జిల్లాగా ప్రకటితమయ్యాక, కలెక్టరు ముందుండి నడిపించే ఆ ఉద్యమ పద్ధతి మన రాష్ట్రంలోనూ జిల్లా తర్వాత జిల్లాకు పాకింది. పాటలతో, వీధి నాటకాలతో ఊరూరా ప్రచారం చేసే కళాజాతాలు, జీతం ఆశించని వాలంటీర్లు, మూడు వాచకాలు, సుమారు 200 గంటల బోధన దాని స్వరూపం. నెల్లూరు జిల్లా దూబగుంటలో అలాంటి రాత్రి బడికి వచ్చిన స్త్రీలు సారా గురించిన పాఠం చదువుకొని తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించడం, ఆ కదలిక రాష్ట్రమంతా వ్యాపించి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలుకు రావడం మీరు విని ఉంటారు. వారి ఇళ్లలో రోజూ జరిగే గొడవే పాఠంగా వచ్చింది గనుక ఆ పాఠం వారిలో నిలిచింది. ఆ ఉద్యమపు బలమంతా పల్లెల్లోనే కనిపించింది. రచ్చబండ దగ్గర దండోరా వేస్తే ఊరంతా చేరే చోట పనిచేసిన పద్ధతి, పక్కింటివారి పేరు కూడా తెలియని అద్దె ఇళ్ల బస్తీల్లో అంతగా పనిచేయలేదు.

తర్వాత వచ్చిన పెద్ద కార్యక్రమం సాక్షర భారత్. 2009 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం నాడు, దాన్ని ప్రారంభించారు. 2001 జనగణనలో స్త్రీల అక్షరాస్యత 50 శాతం, అంతకు తక్కువ ఉన్న జిల్లాలను దానికోసం ఎంచుకున్నారు. మన జిల్లా సహజంగానే అందులోకి వచ్చింది. గ్రామ పంచాయతీకి ఒక లోక్ శిక్షా కేంద్రం, అందులో నెలకు 2000 రూపాయల గౌరవ వేతనంపై దాన్ని నడిపే ఇద్దరు ప్రేరక్‌లు, వారి కింద ఎనిమిది పదిమంది చొప్పున చదువు చెప్పే వాలంటీర్లు, 300 గంటల బోధన, చివర జాతీయ సార్వత్రిక పాఠశాల ద్వారా 150 మార్కుల పరీక్ష. కార్యక్రమం ఎలా నడిచిందన్న చర్చ అలా ఉంచితే, మీ ప్రశ్నకు సంబంధించి తెలుసుకోవలసినది ఒక్కటే: సాక్షర భారత్ గ్రామీణ ప్రాంతాలకే పరిమితం. 2018 మార్చిలో ముగిసేదాకా, అంటే దాదాపు తొమ్మిదేళ్లపాటు, దేశంలోకెల్లా పెద్ద వయోజన విద్యా కార్యక్రమం మన జిల్లా పల్లెల్లో నడుస్తుంటే కర్నూలు నగరపు బస్తీలు దాని పరిధిలోనే లేవు. నగరంలో కళాశాలలు ఉన్నాయి, బడులు ఉన్నాయి, చదువుకున్నవారు ఉన్నారు కాబట్టి ఇక్కడ సమస్య దానంతట అదే తీరిపోతుందన్న నమ్మకం దీని వెనుక ఉందని నేను అనుకుంటాను. చదువుకున్నవారి నడుమ ఉన్నంత మాత్రాన చదువు అంటుకోదు. అందరూ చదివే చోట చదవలేని మనిషి ఆ సంగతిని దాచుకోవడంలో మరింత నేర్పరి అవుతాడు.

ఇప్పుడు నడుస్తున్నది 2022 నుంచి 2027 దాకా అయిదేళ్ల కాలానికి రూపొందించిన నవ భారత సాక్షరతా కార్యక్రమం. దీనినే ఉల్లాస్ అంటున్నారు. మొత్తం వ్యయం 1037.90 కోట్ల రూపాయలు, ఏటా కోటిమంది చొప్పున అయిదు కోట్లమందికి చదువు చెప్పాలన్నది లక్ష్యం. మన రాష్ట్రంలో దీన్ని అక్షర ఆంధ్ర పేరుతో అమలుచేస్తున్నారు. పదిహేనేళ్లు దాటిన ఎవరైనా చేరవచ్చు, పైవయసు హద్దు లేదు, పల్లె పట్టణం తేడా లేదు. ఈ చివరి రెండు మాటలూ మీకు చాలా విలువైనవి. 1990ల్లో ప్రధానంగా 35 ఏళ్ల లోపువారిపైనే దృష్టి పెట్టడంతో అప్పుడు పక్కన పడిపోయిన నలభై ఏళ్లవారు ఇప్పుడు డెబ్బై దాటారు. అప్పుడు ఇరవై ఏళ్ల వయసులో నాలుగు అక్షరాలు నేర్చుకొని ఆ తర్వాత మరిచిపోయినవారు యాభై అయిదు దగ్గర ఉన్నారు. మీ తరగతికి ఎక్కువగా వచ్చేది ఈ రెండో తరంవారే. ‘మాకు అప్పుడు వచ్చేది, ఇప్పుడు పోయింది’ అనే మాట మీకు మొదటి వారంలోనే వినబడుతుంది.

కాబట్టి ఉల్లాస్‌లో చేరండి. వాలంటీర్లనూ అభ్యాసకులనూ యాప్‌లో నమోదు చేయిస్తే తెలుగు వాచకాలు అందుతాయి, పరీక్ష రాసినవారికి ధ్రువపత్రం వస్తుంది. చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోదానికి 50 చొప్పున 150 మార్కులు. ఒక్కో భాగంలో 33 శాతం వస్తే ఉత్తీర్ణులు. అరవై ఏళ్ల మనిషికి జీవితంలో మొదటిసారి ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం చదువు పేరిట రావడం చిన్న విషయమేమీ కాదు. కానీ ఒక హెచ్చరిక. జీతం లేని పనికి లెక్క మాత్రం గట్టిగా అడిగే ఏ కార్యక్రమంలోనైనా, ఇదివరకే చదువు వచ్చినవారిని తెచ్చి పరీక్షకు కూర్చోబెట్టే తప్పుడు అలవాటు పుడుతుంది. మీ సంఘం మీద అలాంటి ఒత్తిడి వస్తే, మీ దగ్గర నిజంగా ఎంతమంది ఉంటే అంతమంది పేర్లే ఇవ్వండి. పన్నెండుమంది ఉంటే పన్నెండు.

ఆ పన్నెండుమందిని కనుక్కోవడం ఎలాగన్నది అసలు పని. ఇంటింటికీ వెళ్లి ‘మీకు చదువు వచ్చా’ అని అడిగితే మీకు దొరికే జవాబుకు విలువ లేదు. వారి చేతిలోనే ఉన్న కాగితం, ఉదాహరణకు కరెంటు బిల్లో, పొదుపు సంఘం పాస్‌బుక్కో, పిల్లవాడి బడి నుంచి వచ్చిన చీటీయో తీసుకొని, ‘ఇందులో ఏముందమ్మా’ అని మాటల్లో పెట్టి చూడండి. మూడు రకాలవారు కనిపిస్తారు. అక్షరమే తెలియనివారు కొందరు. సంతకం, అ నుంచి ఱ దాకా వరస, అంకెలు తెలిసి మాట చదవలేనివారు మరికొందరు. గుణింతం దాకా కూడబలుక్కొని చదివి వత్తు రాగానే ఆగిపోయేవారు ఇంకొందరు. ఈ మూడో రకంవారు బయటికి చదువుకున్నవారుగానే చలామణీ అవుతారు, కానీ మూడు నాలుగు నెలల శ్రమతో పూర్తిగా చదవగలిగే స్థితికి వచ్చేదీ వీరే. ముగ్గురినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి ‘అ, ఆ’ మొదలుపెడితే మూడో రకంవారు రెండో రోజు నుంచి రారు.

అడిగేటప్పుడే కళ్ల సంగతి కూడా చూడండి. నలభై దాటాక దగ్గరి చూపు మందగించడం అందరికీ జరిగేదే, అయితే ఎప్పుడూ చదవని మనిషికి ఆ తేడా తెలియదు. సూదిలో దారం ఎక్కించడం మనవరాలికి అప్పగించిన రోజు నుంచే ఆ చూపు పోయిందని అర్థం. మన నగరంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. తరగతి మొదలుకాకముందే నలభై దాటినవారందరినీ ఒక ఉదయం అక్కడికి తీసుకువెళ్లి చూపించండి. ‘నా బుర్రకు ఎక్కడం లేదు సామీ’ అన్నవారిలో చాలామందికి కావలసింది చదువుకునే అద్దాలే.

ఇక వేళ. మీరు సాయంత్రం తరగతులు అన్నారు. అది ఉద్యోగస్థులకు వీలైన వేళ, మీకు వీలైన వేళ. ఇళ్లలో పాచిపని చేసే ఆమె తెల్లవారి ఆరింటికే బయలుదేరి పదకొండు దాకా మూడు నాలుగిళ్లలో పని ముగించుకొని, మళ్లీ నాలుగింటికి గిన్నెలకు వెళ్తుంది. చీకటి పడ్డాక తన ఇంట్లో వంట, ఆ తర్వాత ఒళ్లు తెలియని నిద్ర. ఆమెకు ఖాళీ ఉండేది మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా. బేల్దారి పనికి వెళ్లేవారికి ఆ వేళ కుదరదు, వారికి రాత్రి ఎనిమిదే దిక్కు. మార్కెట్ యార్డు హమాలీలకు సరుకు లారీలు వచ్చేదాకా ఎదురుచూసే సమయం ఉంటుంది. తరగతిని యార్డులోకే తీసుకువెళ్తే తప్ప వారు మీ దగ్గరికి రారు. పైగా మగవారు, ముఖ్యంగా కోడళ్లున్న మగవారు, వీధిలో ఆడవారి తరగతి పక్కన పలక పట్టుకొని కూర్చోరు. వారికి వేరే చోటు, వేరే వేళ తప్పదు. ఇవికాక కొళాయి నీళ్లు వచ్చే వేళ ఒకటుంది. ఎండాకాలంలో రోజు మార్చి రోజు నీళ్లు వదిలినప్పుడు ఆ గంటలో బస్తీలో మరే పనీ సాగదు. పాతబస్తీలో రంజాన్ నెలంతా వేళలు తలకిందులవుతాయి. ఆ నెల సెలవు ఇచ్చేసి, పండుగ అయిన వారానికి ఇంటింటికీ తిరిగి మళ్లీ పిలుచుకోవాలి.

అందువల్ల వారానికి అయిదు రోజులు, రోజుకు గంటన్నర అనుకుంటే 200 గంటలకు ఇరవై ఏడు వారాలు పడుతుంది. పండుగలు, పెళ్లిళ్లు, జ్వరాలు, ఊరికి వెళ్లడాలు కలుపుకొని నిజానికి అది ఏడాది పని. ఆరు నెలల్లో ముగిస్తామని ఎవరికీ మాట ఇవ్వకండి. తొందరగా ముగించే పద్ధతులు లేకపోలేదు. 2000లో టీసీఎస్ సంస్థ మెదక్ జిల్లాలో మొదలుపెట్టిన కంప్యూటరు పాఠాలు, రాయడాన్ని పక్కన పెట్టి, సుమారు 40 గంటల్లో తెలుగు మాటలను గుర్తుపట్టి చదివేలా చేయాలని చూశాయి. చదవడమే ముందు అన్న ఆ ఆలోచనలో సారం ఉంది, పెద్దవారిని దిద్దుళ్లతో నెలల తరబడి విసిగించడం కన్నా అది నయం. కానీ మన అభ్యాసకులు రాయాలనే కోరుకుంటారు. తమ పేరు, పిల్లల పేర్లు, ఊరి పేరు సొంత చేత్తో రాస్తేనే తమకు చదువు వచ్చిందని నమ్ముతారు. ఆ నమ్మకానికి ఎదురు చెప్పి లాభం లేదు.

పుస్తకం విషయంలో ఉల్లాస్ వాచకమే తీసుకోండి, అయితే దాని వరసకు కట్టుబడి ఉండనక్కర్లేదు. తెలుగులో పెద్దవారికి అడ్డుపడేది వర్ణమాల పొడవు కాదు. యాభై ఆరు అక్షరాల్లో నిత్యం వాడేవి తక్కువే. అడ్డుపడేవి వత్తులు. వాచకాలు సాధారణంగా వత్తుల్ని చివరికి నెడతాయి. కానీ మన వాళ్ల నోట మొదట వచ్చే మాటలు చూడండి: అమ్మ, అక్క, అన్నం, ఉప్పు, పప్పు, బియ్యం, బస్సు, కూలి డబ్బు. సొంత ఊరి పేరు కర్నూలులోనే వత్తు ఉంది, నంద్యాలలో ఉంది, పత్తికొండలో ఉంది. వత్తు రాకుండా మొదటి మూడు నెలలు గడిపితే, ఆ మూడు నెలలూ వారు తమ బతుకులో లేని మాటలు చదువుతున్నట్టే. అందుకని గుణింతాలు సగం కాగానే జంట వత్తులు నేర్పండి. క, త, న, మ, య, ర, ల వత్తులు మాత్రమే అసలు అక్షరాన్ని పోలవు. మిగతావి దాదాపుగా తలకట్టు తీసేసి కింద రాసిన అదే అక్షరం. ఈ ఒక్క సంగతి బోర్డు మీద రాసి చూపిస్తే నేర్చుకునేవారి కళ్లముందు కొండ కరిగిపోతుంది. పోలని ఏడింటినీ అమ్మ, అక్క, అన్న, అత్త, బియ్యం, పిల్ల, క్రమం అన్న మాటలతో రెండు వారాల్లో చెప్పేయవచ్చు.

బోర్డు మీద చదివించడానికి మన బస్టాండే మంచి వాచకం. ఆదోని, కోడుమూరు, వెల్దుర్తి, ఆత్మకూరు, నందికొట్కూరు, ఎమ్మిగనూరు పేర్లు అట్ట ముక్కల మీద పెద్దక్షరాలతో రాసి, గుణింతం మాత్రమే ఉన్నవాటిని ముందు, వత్తున్నవాటిని తర్వాత చూపించండి. ఒక ఆదివారం అందరినీ బస్టాండుకే తీసుకువెళ్లండి.

ఉర్దూ మాట్లాడే కుటుంబాల గురించి వేరుగా చెప్పాలి. పాతబస్తీలో చాలామంది స్త్రీలు చిన్నప్పుడు ఖురాన్ పారాయణం నేర్చుకున్నవారు, అరబ్బీ లిపిని చూసి చదవగలరు. అయితే ఉర్దూలో ఉత్తరం రాయమంటే రాయలేరు, తెలుగు బోర్డు చదవమంటే చదవలేరు. వారిని అక్షరమే తెలియనివారిగా చూడటం అన్యాయం. లిపి అంటే ఏమిటో, అక్షరాలు కలిస్తే ధ్వని ఎలా మారుతుందో వారికి ఇదివరకే తెలుసు. ఏ భాషలో నేర్పాలో వారినే అడగండి. రేషను, ఆసుపత్రి, సచివాలయం అన్నీ తెలుగులోనే నడుస్తాయి కనుక తెలుగే కోరేవారు ఎక్కువగా కనిపిస్తారు, కానీ ఉర్దూ కోరినవారికి ఉర్దూ చెప్పగల అమ్మాయిని ఆ వీధిలోనే వెతకండి. ఎవరి చేత చదువు చెప్పించాలన్న విషయంలోనూ నా మాట ఇదే: విశ్రాంత అధ్యాపకుడి కన్నా ఇంటర్ పాసై ఇంట్లో ఉన్న పక్కింటి అమ్మాయి మేలు. ఆమె ‘అక్కా’, ‘పెద్దమ్మా’, ‘ఖాలా’ అని పిలుస్తుంది, రానివారి తలుపు తట్టే చనువు ఆమెకు ఉంటుంది, రెండు రోజులు ఎందుకు రాలేదో ఆమెకు ముందే తెలిసి ఉంటుంది. ఉల్లాస్ ఆమెకు జీతం ఇవ్వదు, అది స్వచ్ఛంద సేవ మీద నిలిచిన కార్యక్రమం. మీ సంఘం మాత్రం చందాలు వేసుకొని నెలకు ఎంతో కొంత ఇవ్వాలని గట్టిగా చెబుతాను. మనం ఎవరి శ్రమకూ వెల కట్టకుండా ఏడాదిపాటు పని ఆశించకూడదు.

ఎందుకు నేర్చుకోవాలి అని వారు అడిగితే ఏం చెప్పాలి? 1990ల్లో జవాబు సులభంగా ఉండేది: వేలిముద్ర నుంచి సంతకానికి రండి అనేవారం. ఇప్పుడు రేషను దుకాణంలో పట్టభద్రుడు కూడా యంత్రం మీద వేలే పెడుతున్నాడు, వేలిముద్రలో ఉన్న చిన్నతనం పోయింది, దానితో పాటు సంతకం మీద మోజూ పోయింది. దాని స్థానంలోకి ఫోను వచ్చింది. వచ్చిన డబ్బు ఎంతో, పోయిన డబ్బు ఎంతో చెప్పే సందేశం చదవడం, ఓటీపీ ఎవరు అడిగినా చెప్పకూడదని తెలుసుకోవడం, కొడుకు పంపిన నాలుగు మాటలు మరొకరికి చూపించకుండా చదువుకోవడం నేటి అవసరాలు. కనుక అంకెలు, ఆ తర్వాత ఆంగ్ల పెద్దక్షరాలు రెండో సగంలో తప్పక చేర్చండి. మాతృభాష పూర్తికాకుండా ఆంగ్లం ఎందుకని పండితులు అభ్యంతరం చెబుతారు. మాత్రల అట్ట మీద గడువు తేదీ ఏ లిపిలో ఉంటుందో వారు ఒకసారి చూడాలి.

లెక్కల దగ్గర గుర్తుంచుకోవలసింది, పెద్దవారికి లెక్క వచ్చు, రాత రాదు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే పదివేలకు నెలకు రెండు వందలని మీ తరగతికి వచ్చే ఆమె మీకన్నా ముందే చెబుతుంది. ఏడాదికి అది నూటికి ఇరవై నాలుగు అని, పొదుపు సంఘం ద్వారా బ్యాంకులో తీసుకుంటే ఎంత తేడా వస్తుందో కాగితం మీద తనే వేసి చూసుకోవడం కొత్త. నగరంలో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద పొదుపు సంఘాలు ఉన్నాయి. చాలా సంఘాల్లో పుస్తకం రాసేది రిసోర్స్ పర్సనో, కాస్త చదువుకున్న సభ్యురాలో. మిగతావారు విని తల ఊపుతారు. తమ తీర్మానాల పుస్తకాన్నీ పాస్‌బుక్కునూ తామే చదువుకోవాలన్న కోరిక నేను చూసిన కోరికలన్నిటిలోకీ బలమైనది, అందులో డబ్బు ఉంది గనుక. తరగతిని సంఘం సమావేశానికి ముడిపెడితే హాజరు కోసం మీరు వెంటపడనక్కర్లేదు.

నగరపాలక సంస్థ చేయగల పని కూడా ఉంది, మీ కార్పొరేటరు ద్వారా అడగండి. నగరంలో చదువురాని శ్రామికుల్లో ఒక పెద్ద భాగం, అంటే పారిశుద్ధ్య కార్మికులు, నగరపాలక సంస్థ పనే చేస్తున్నారు. ఎవరికి చదువు చెప్పాలో వెతుక్కునే అవసరం లేని చోటు అది. మస్టరు వేసే చోట, పని గంటల్లోనే, జీతం కోయకుండా రోజుకు అరగంట చదువుకు కేటాయిస్తే, ఏ ప్రచారమూ లేకుండా వారిలో ఎక్కువమందికి ఏడాదిలో చదువు వస్తుంది. ఖాళీగా ఉండే వేళల్లో మున్సిపల్ బడి గది, వార్డు సచివాలయంలో విద్య చూసే కార్యదర్శి సహకారం అడగడానికి మీరు మొహమాటపడనక్కర్లేదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది పరీక్ష ముగిసిన మర్నాటి నుంచి. కొత్తగా వచ్చిన చదువు ఆరు నెలలు వాడకపోతే పోతుంది. 1990ల్లో నేర్చుకున్నవారికి జరిగింది అదే. చదవడానికి వారి చేతికి ఏమీ అందలేదు. దినపత్రిక అక్షరం చిన్నది, వాక్యం పొడవు, పిల్లల కథల పుస్తకం ఇస్తే చిన్నతనంగా ఉంటుంది. ఈ విషయంలో మనకు ఒక హక్కు ఉందని చాలామందికి తెలియదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కలిసి ఉంటుంది, అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. 1883లో కర్నూలులోనే పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయాన్నీ వయోజన విద్యనూ ఒకే పనిగా చూసినవాడు. ఆయన పుట్టిన ఊళ్లో పెద్దక్షరాల పుస్తకాలున్న ఒక అర, కొత్తగా చదివేవారి కోసం వారానికి ఒక మధ్యాహ్నం గ్రంథాలయంలో అడగడం అత్యాశ కాదు. అది దొరికేలోగా మీరే వారానికొక గోడ పత్రిక పెద్దక్షరాలతో రాయించండి: కొళాయి వేళలు, టమాటా ఉల్లి ధరలు, వీధిలో పెళ్లి కబుర్లు, ఆసుపత్రి శిబిరం తేదీ. రెండో నెల నుంచి రాసే పని అభ్యాసకులకే అప్పగించండి, తప్పులు దిద్దకండి.

రెండో ఏడాదికి ఎంతమంది మిగులుతారని ఇప్పుడే లెక్క వేయకండి. నలభై లోపు స్త్రీలలో ఒకరిద్దరు పదో తరగతి రాస్తామని ముందుకు వస్తారు; అంగన్‌వాడీలో, ఆసుపత్రిలో చిన్న ఉద్యోగానికి అది అడుగుతారని వారు ఇదివరకే కనుక్కొని ఉంటారు. వారిని రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠంలో చేర్పించవచ్చు. కానీ ఉల్లాస్ పరీక్షకూ పదో తరగతికీ మధ్య దూరం చాలా ఉంది, నేరుగా దూకిస్తే గణితం దగ్గర, ఆంగ్లం దగ్గర పడిపోయి మళ్లీ బడి మొహం చూడరు. మధ్యలో ఒక ఏడాది అయిదు, ఏడు తరగతుల పుస్తకాలు చెప్పించి, ఆ తర్వాతే రుసుము కట్టించండి. అందుకు ఎవరు చదువు చెబుతారో, ఆమెకు నెలకు ఎంత ఇస్తారో ఇప్పుడే మీ సంఘం తీర్మానంలో రాసుకుంటే మంచిది.